కంప్యూటర్ టెస్ట్ కాదండీ, గడ్డం ఆనించే మిషన్ అడగండి

పాలకొల్లు, రాజోలు, అమలాపురం, రావులపాలెం, ఏ సెంటర్లో బస్సు దిగినా ఎదురుగా ఓ కళ్ళజోళ్ళ షాపు, దాని మీద "కంప్యూటర్ ద్వారా కంటి పరీక్ష" అని బోర్డు కనపడుతుంది. ఆ బోర్డు మనవాళ్ళ బుర్రల్లో ఎంత గట్టిగా దిగిపోయిందంటే, కన్ను ఎర్రగా వాచిపోయి నీళ్ళు కారుతూ తలుపు తోసుకుని వచ్చిన మనిషి కూడా కుర్చీలో కూర్చోగానే "కంప్యూటర్ పెట్టమ్మా" అంటాడు. ఆ కంప్యూటర్ అనేదాని అసలు పేరు ఆటోరిఫ్రాక్టర్. అది చేసేదల్లా కళ్ళజోడు పవర్ సుమారుగా ఎంతుండొచ్చో ఓ చిన్న చీటీ మీద కొట్టివ్వడం. కంట్లో పుండు పడిందా, లోపల వాపు ఉందా, నలుసు ఎక్కడ దిగబడింది, ఇవేవీ దానికి తెలీవు.

జబ్బు కనిపెట్టే మిషన్ వేరే ఉంది. దాంట్లోంచి చీటీ రాదు, మామూలు వాటికి స్క్రీన్ కూడా ఉండదు. గడ్డం ఒక చిన్న ఆనుడు మీద పెట్టి, నుదురు పట్టీకి తగిలించి కూర్చుంటే అవతలి మనిషి మైక్రోస్కోపులోంచి మీ కంట్లోకి చూస్తారు. దాన్ని స్లిట్ ల్యాంప్ అంటారు. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే కళ్ళు పరీక్ష చేసే మనిషిని, నా రోజంతా దాని ముందే గడుస్తుంది.

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. మన గోదారి డెల్టాలో, ఎర్రబడిన కంట్లో ఏ చుక్కల మందైనా పడే ముందు ఆ కన్ను స్లిట్ ల్యాంప్ కింద కనపడి తీరాలి. చూడకుండా చుక్క వెయ్యకూడదు, షాపులో ఇచ్చినా, ఆర్ఎంపీ గారు ఇచ్చినా, ఇంట్లో పోయినేడాది మిగిలిన సీసా అయినా సరే. ఇది ఆసుపత్రులవాళ్ళు ఫీజుల కోసం పుట్టించిన మాట అని మా చుట్టాల్లోనే కొందరు నా మొహం మీద అన్నారు. కాబట్టి కొంచెం పొడుగైనా మొత్తం చెప్తాను.

ముందు డెల్టా అని ఎందుకంటున్నానో. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఇక్కడ నీళ్ళకి కరువు తగ్గింది, సార్వా అయిపోగానే దాళ్వా, రెండు పంటలు. రెండు పంటలంటే రెండు ఊడ్పులు, రెండు కోతలు, రెండుసార్లు ధాన్యం ఆరబోతలు. వంగి కలుపు తీస్తుంటే వరి ఆకు అంచు కంట్లో గీరుకుంటుంది. కోత మిషన్ వెనకాల నిలబడితే దుమ్ము, పొట్టు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం తిరగేస్తుంటే గాలికి లేచిన ఊక. అక్కడితో అయిపోతుందా, కొబ్బరి దింపులో పైనుంచి రాలే చెత్త, మట్ట కొస తగలడం, వలుపు దగ్గర పీచు, రైస్ మిల్లులో తవుడు దుమ్ము, గేట్లు చేసే షెడ్లో గ్రైండింగ్ రవ్వలు, రొయ్యల చెరువు నీళ్ళు మొహం మీద చిందడం. ఇక్కడ కన్ను ఎర్రబడితే అది ఆఫీసులో ఏసీ గాలికి ఎర్రబడిన కన్ను కాదు. వెనకాల చాలాసార్లు ఓ గీరుడు ఉంటుంది, ఆ గీరింది ఆకో ఊకో పీచో అయ్యుంటుంది, వాటి మీద ఫంగస్ ఉంటుంది. పట్నంలో ఎర్ర కంటికి చెప్పే సలహా మనకి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ మిషన్ సంగతి. స్లిట్ అంటే సన్నటి చీలిక, అందులోంచి వెలుతురు ఓ గీతలా వస్తుంది. మైక్రోస్కోపు ముందు ఉంటుంది, వెలుతురు పక్కనుంచి, మామూలుగా 45 డిగ్రీల ఏటవాలుగా పడుతుంది. ఆ ఏటవాలులోనే కిటుకంతా ఉంది. కంటి ముందుభాగం గాజులా పారదర్శకంగా ఉండే పొర, కార్నియా, మధ్యలో మందం అర మిల్లీమీటరు అంతే. టార్చి వేస్తే వెలుగు మొత్తం ఒకేసారి పడి అంతా ఒక్కటే పొరలా కనపడుతుంది, మచ్చ ఉంటే ఉందని తెలుస్తుంది కానీ పైన ఉందా లోపలుందా తెలీదు. అదే సన్నటి గీత ఏటవాలుగా వేసి పక్కనుంచి చూస్తే కార్నియాని కోసి చూసినట్టే దాని మందం మొత్తం కనపడుతుంది. ముందు గీత, వెనక గీత, మధ్యలో కండ. మచ్చ పై పొరలో ఉందా, సగం లోతుకి దిగిందా, వెనక గీతని అంటుకుందా, అన్నీ తెలుస్తాయి. కత్తి పెట్టకుండా కంటి కోత చూడ్డం అంటే ఇదే, నాకు ఇప్పటికీ రోజులో మొదటి పేషెంటుకి గీత సన్నం చేసి ఆ కోత కనపడగానే మనసులో సంతోషం వేస్తుంది.

దీన్ని మొదట 1911లో స్వీడన్ కంటి డాక్టరు అల్వర్ గుల్‌స్ట్రాండ్ చూపించారు. అదే సంవత్సరం ఆయనకి నోబెల్ వచ్చింది, అయితే ఈ మిషన్‌కి కాదు, కంట్లో వెలుతురు ఎలా వంగుతుందో ఆయన కట్టిన లెక్కలకి. తర్వాత స్విట్జర్లాండులో హన్స్ గోల్డ్‌మన్ దీపాన్నీ మైక్రోస్కోపునీ ఒకే ఇరుసు మీద తిరిగేలా చేసి, ఒక్క చేత్తో జాయ్‌స్టిక్‌తో నడిపేలా తయారు చేశారు. 1958లో హాగ్-స్ట్రైట్ కంపెనీ తెచ్చిన 900 మోడల్ ఫోటో చూసి, ఇవాళ మా గదిలో ఉన్నది చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. అన్నేళ్ళయినా పెద్దగా మారలేదంటే దాని అవసరం మారలేదని.

సరే, పొలం నుంచి ఎర్ర కన్నుతో వచ్చిన మనిషిని కూర్చోబెట్టాం అనుకోండి. చాలామంది అడిగేది ఇదే:

"ఏమ్మా, కంప్యూటర్ పెట్టకుండా దీని దగ్గర కూర్చోబెట్టావేంటి?"

"అది కళ్ళజోడుకండి బాబాయ్ గారూ. మీ కంట్లో ఏముందో దీంట్లోనే కనపడుద్ది. గడ్డం ఇక్కడ ఆనించి నుదురు ముందుకి పెట్టండి, వెనక్కి జరగకండే."

కుర్చీ ఎత్తు సరిచేస్తాం, పక్క కడ్డీ మీద ఓ గీత ఉంటుంది, కంటి బయటి కొస దానికి సూటిగా రావాలి. గదిలో లైటు తీసేస్తాం. ముందు తక్కువ మాగ్నిఫికేషన్, వెడల్పు వెలుతురు, తక్కువ బ్రైట్‌నెస్, ఎందుకంటే నొప్పి పుట్టే కంట్లోకి ఫుల్ లైటు కొడితే ఆయన కన్ను మూసేస్తాడు, ఇక తెరిపించడం మన వల్ల కాదు. రెప్పలు, రెప్పవెంట్రుకలు, తెల్లగుడ్డు, అప్పుడు కార్నియా, దాని వెనక నీళ్ళున్న గది, నల్లగుడ్డు, దాని వెనక లెన్సు. బయటనుంచి లోపలికి, ఎప్పుడూ అదే వరస. పది రెట్లలో అంతా చూసి, అనుమానం ఉన్నచోట పదహారు, ఇరవై ఐదు, నలభై రెట్లకి వెళ్తాం.

తర్వాత ఫ్లోరోసీన్ అనే రంగు. అది అంటించిన నారింజ రంగు కాగితం ముక్క, సెలైన్ చుక్కతో తడిపి కింద రెప్ప లోపల తాకిస్తాం, నీలం ఫిల్టర్ వేస్తాం. కార్నియా పై పొర ఊడిన చోటల్లా పచ్చగా వెలుగుతుంది. గీరుడు ఏ ఆకారంలో ఉందో, ఎంత ఉందో ఒక్కసారిగా కనపడుతుంది. ఆ పచ్చ గీతలు కార్నియా మీద నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి ఉంటే పై రెప్ప తిరగేసి చూడాల్సిందే, దాని కింద ఊకముక్క అతుక్కుని ఉంటుంది, రెప్ప వేసిన ప్రతిసారీ అది గీస్తూ ఉంటుంది. ఇలాంటి వాళ్ళు వారం రోజులు చుక్కలు వేసుకుని "తగ్గట్లేదమ్మా" అని వస్తారు. ఎలా తగ్గుద్ది, గీసేది అక్కడే ఉందిగా. రెప్ప తిప్పి తడి బడ్‌తో తీసేస్తే లేచి నిలబడేటప్పటికే సగం బాధ పోతుంది.

ఇక నా వాదనలో అసలు ముక్క. బయటికి ఒకేలా కనపడే ఎరుపు వెనక కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు, వాటి మందులు ఒకదానికి ఒకటి విరుగుడు కాదు సరికదా, ఒకదాని మందు ఇంకో జబ్బున్న కన్నుని చంపేస్తుంది.

మొదటిది కళ్ళకలక. పుసి, దురద, నీళ్ళు. చాలావరకు దానంతటదే పోతుంది. మన జనం ఏ ఎరుపైనా ఇదే అనుకుంటారు.

రెండోది కార్నియా మీద పుండు. వరి ఆకు తగిలి నాలుగైదు రోజులయ్యాక వచ్చేది. స్లిట్ ల్యాంప్‌లో ఫంగస్ పుండుకి ఓ తీరు ఉంటుంది: అంచులు పీచుపీచుగా పక్కకి పాకి ఉంటాయి, పైభాగం కొంచెం లేచి పొడిగా ఉంటుంది, పెద్ద మచ్చ పక్కన చిన్న చిన్న మచ్చలు విడిగా ఉంటాయి, ముదిరితే లోపలి గదిలో కింద చీము మట్టం కడుతుంది. మొదట్లో కంట్లో కనపడే నష్టంతో పోలిస్తే నొప్పి అంతగా ఉండకపోవచ్చు కూడా, అందుకే పనిలోకి వెళ్ళిపోతుంటారు. చూపుతోనే తేల్చేయకూడదు, పుండు గీకి స్లైడు మీద పెట్టి కె.ఓ.హెచ్. అనే ద్రావణం వేసి ల్యాబ్ మైక్రోస్కోపులో ఫంగస్ దారాలు చూస్తేనే ఖాయం, కానీ గీకాలన్న అనుమానం పుట్టించేది స్లిట్ ల్యాంపే, ఆ గీకడం కూడా చాలాచోట్ల దాని ముందే చేస్తారు. దీనికి మందు నాటమైసిన్. 2013లో వచ్చిన ట్రయల్‌లో, మధురై అరవింద్ కంటాసుపత్రి వాళ్ళూ అమెరికా వాళ్ళూ కలిసి చేసింది, వోరికొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు కన్నా నాటమైసినే మెరుగని తేలింది, ముఖ్యంగా ఫ్యుసేరియం అనే ఫంగస్ మీద. షాపులో మామూలుగా చేతికిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, మోక్సీఫ్లాక్సాసిన్ చుక్కలు బ్యాక్టీరియాకి, ఫంగస్ వాటికి లొంగదు. హెర్పిస్ వైరస్ పుండు ఇంకో రకం, ఫ్లోరోసీన్ వేస్తే కొమ్మలు కొమ్మలుగా వెలుగుతుంది, టార్చికి వట్టి ఎర్ర కన్నే.

మూడోది ఐరైటిస్, కంటి లోపలి వాపు. దీంట్లో కార్నియా బాగానే ఉంటుంది, పుసి ఉండదు, వెలుతురు చూడలేకపోతారు, ఎరుపు నల్లగుడ్డు చుట్టూ ఎక్కువుంటుంది. దీన్ని పట్టుకునేది ఒక్క స్లిట్ ల్యాంపే. రేకుల షెడ్డు ధాన్యం గోడౌన్‌లో మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి ఉంటే, పైన మేకు చిల్లులోంచి ఎండ గీత దిగుతుంది చూడండి, ఆ గీతలో దుమ్ము రేణువులు తేలుతూ కనపడతాయి, గీత పక్కన అదే దుమ్ము ఉన్నా కనపడదు. సరిగ్గా అలాగే, గది చీకటి చేసి, వెలుతురుని ఒక మిల్లీమీటరు పొడుగు ఒక మిల్లీమీటరు వెడల్పుకి కుదించి, కార్నియాకీ లెన్సుకీ మధ్య ఉన్న నీళ్ళలోకి వేస్తే, వాపు ఉన్న కంట్లో తెల్లకణాలు ఆ గీతలో తేలుతూ కనపడతాయి. వాటిని లెక్కపెడతాం. 2005లో ప్రపంచవ్యాప్తంగా ఒప్పుకున్న లెక్క ప్రకారం ఆరు నుంచి పదిహేను కణాలుంటే ఒక ప్లస్, యాభై దాటితే నాలుగు ప్లస్. వాపు తగ్గుతోందా పెరుగుతోందా అన్నది మళ్ళీ వచ్చినప్పుడు ఆ లెక్కే చెప్తుంది. ఈ జబ్బుకి మందు ఏంటనుకున్నారు? స్టెరాయిడ్ చుక్కలే, కంటిపాప పెద్దది చేసే చుక్కలతో పాటు. వెయ్యకపోతే నల్లగుడ్డు వెనక లెన్సుకి అతుక్కుపోతుంది.

అంటే మూడోదానికి ప్రాణం పోసే మందే రెండోదానికి విషం. ఫంగస్ పుండులో స్టెరాయిడ్ పడితే కంటి రక్షణ పడుకుంటుంది, ఫంగస్ లోతుకి పాకుతుంది. హెర్పిస్ పుండులో పడితే కొమ్మలుగా ఉన్నది విస్తరించి మ్యాపులా అయిపోతుంది. మోసం ఎక్కడంటే, స్టెరాయిడ్ పడ్డ ఒకటి రెండు రోజులు ఎరుపూ మంటా తగ్గుతాయి. "భలే పనిచేసింది" అని ఆ సీసా పక్కింటికి కూడా వెళ్తుంది. తర్వాత నల్లగుడ్డు మీద తెల్లగా కనపడ్డాకే మా దగ్గరికి. మన పెద్దవాళ్ళు "కంట్లో పువ్వు వేసింది" అనేది ఆ మచ్చనే, పుండు మానినా ఆ మచ్చ ఉండిపోతుంది, సరిగ్గా పాప ముందు పడితే ఇక కార్నియా మార్పిడే దారి, అదీ ఎవరో ఒకరు చనిపోయి కళ్ళు దానం చేస్తేనే.

నాలుగోది కంట్లో ప్రెషర్ ఒక్కసారిగా పెరగడం. నీటికాసుల్లో, అంటే గ్లకోమాలో, ఒక రకం. కన్ను ఎరుపు, తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. వాంతులు ఉండేసరికి గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ చేయించుకుని పడుకుంటారు, తెల్లారేసరికి చూపు పోవచ్చు. స్లిట్ ల్యాంప్‌లో కార్నియా మసక, పాప సగం పెద్దదై కదలదు, ముందు గది బాగా ఇరుకు. ఇరుకుని కొలవడానికి 1969లో వాన్ హెరిక్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ ఇచ్చిన సులువైన పద్ధతి ఉంది: కార్నియా అంచు దగ్గర 60 డిగ్రీల్లో సన్న గీత వేసి, కార్నియా మందంతో ఆ వెనకున్న నల్ల ఖాళీని పోల్చడం. ఖాళీ నాలుగో వంతో అంతకన్నా తక్కువో ఉంటే ప్రమాదం. ఏ పరికరం తగిలించక్కర్లేదు. నొప్పి రాకముందే, మామూలుగా కళ్ళజోడు కోసం వచ్చినావిడలో కూడా ఈ ఇరుకు పట్టుకుని లేజర్‌కి పంపొచ్చు. నా దృష్టిలో నలభై దాటిన ప్రతి మనిషికీ ఇది చెయ్యాలి.

ఇప్పుడు చెప్పండి, కౌంటర్ అవతల నిలబడి ఎర్ర కన్ను చూసి ఈ నాలుగింట్లో ఏదో చెప్పగలిగే మనిషి ఎవరైనా ఉన్నారా? నేను చెప్పలేను. మా డాక్టరు గారూ చెప్పరు, మిషన్ దగ్గరికి తీసుకురమ్మంటారు. కానీ చుక్కలు మాత్రం రోజూ అమ్ముడవుతూనే ఉంటాయి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథలోన్, ఈ నాలుగు స్టెరాయిడ్ల పేర్లు గుర్తుపెట్టుకోండి, యాంటీబయోటిక్‌తో కలిపిన సీసాల్లో కూడా చిన్న అక్షరాల్లో ఇవి ఉంటాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని రూల్ ఉంది. ఏళ్ళ తరబడి వేసుకుంటే పుండు లేకపోయినా నీటికాసులు, శుక్లం తెస్తాయి, దురద కోసం పిల్లలకి వేసే తల్లులు దయచేసి ఇది రెండోసారి చదవండి.

ఎంతమందికి వస్తుందిలే అంటారు. 1996లో మధురై జిల్లా మీద వచ్చిన అధ్యయనం ప్రకారం ఏడాదికి లక్ష మందిలో 113 మందికి కార్నియా పుండ్లు. లక్ష మందంటే మన వైపు ఒకటిన్నర మండలం అనుకోండి. అక్కడా వరి, ఇక్కడా వరి. వీళ్ళలో ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళు, ఒక కన్ను పోతే కొబ్బరి చెట్టు ఎక్కేవాడు ఎక్కలేడు, లోతు అంచనా ఉండదు.

నా వాదనకి వచ్చే అడ్డు ప్రశ్నలు నాకు తెలుసు. అందులో బలమైనది ముందు చెప్తాను. నేపాల్‌లో భక్తపూర్ అనే జిల్లాలో ఊళ్ళో వాలంటీర్లకే ఫ్లోరోసీన్ కాగితాలూ నీలం టార్చీ ఇచ్చి, పచ్చగా వెలిగితే క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ పెట్టించారు, 2001లో దాని ఫలితాలు వచ్చాయి. గీరుకున్న 18 గంటల లోపు మందు మొదలుపెట్టిన వాళ్ళెవరికీ పుండు రాలేదు. చూశారా, స్లిట్ ల్యాంప్ లేకుండానే అయిందిగా అని ఓ మిత్రుడు నాతో వాదించాడు. నేను ఆ పని మన ఆశా వర్కర్లతో రేపే మొదలెట్టాలంటాను, అంత మంచిది. కానీ వాళ్ళు చేసిందేంటో గమనించండి. అప్పుడే తగిలిన దెబ్బ, పుండు ఇంకా రాని కన్ను, అదీ రంగు వేసి చూశాకే మందు. వాళ్ళూ చూడకుండా వెయ్యలేదు. నాలుగు రోజులు దాటి ఎర్రబడిన కంటికి నీలం టార్చి లోతు చెప్పలేదు, లోపలి కణాలు చూపించలేదు. అక్కడనుంచి మిషనే.

ఫోన్ ఫోటో సంగతి. "వాట్సాప్‌లో పెడతానమ్మా, చూసి మందు చెప్పు" అని మా బంధువుల్లో కూడా అడుగుతారు. ఫోన్ ఫ్లాష్ నేరుగా ఎదురుగా పడుతుంది, అంటే టార్చికున్న లోపమంతా దానికీ ఉంది, పైగా కార్నియా మీద ఫ్లాష్ తెల్ల చుక్క పడి ఉన్న మచ్చని కప్పేస్తుంది. నేను ఫోటో చూసి ఒక్కటే చెప్తాను, రండి అని. అదే ఫోన్ కెమెరాని స్లిట్ ల్యాంప్ ఐపీస్‌కి ఆనించి తీసిన ఫోటో అయితే వేరే మాట, దాన్ని దూరాన ఉన్న కార్నియా డాక్టరుకి పంపి సలహా తీసుకోవచ్చు. అరవింద్ వాళ్ళ విజన్ సెంటర్లలో, అంటే ఊళ్ళలో పెట్టిన చిన్న కంటి పరీక్షా కేంద్రాల్లో, పేషెంటు ఊళ్ళోనే స్లిట్ ల్యాంప్ ముందు కూర్చుంటాడు, డాక్టరు బేస్ ఆసుపత్రి నుంచి వీడియోలో మాట్లాడతారు. మన హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటాసుపత్రి వాళ్ళ పద్ధతిలోనూ సుమారు యాభై వేల జనాభాకి ఒక విజన్ సెంటర్, దాంట్లో ఆ చుట్టుపక్కల ఊరి పిల్లకో పిల్లాడికో ట్రైనింగ్ ఇచ్చి కూర్చోబెడతారు, వాళ్ళ ముందూ స్లిట్ ల్యాంప్ ఉంటుంది. పెద్ద డాక్టరు అక్కర్లేదు, చూసి "ఇది మామూలుది కాదు, ఇవాళే పంపాలి" అని చెప్పగలిగే మనిషి చాలు.

డబ్బులంటారా, మన దేశంలో తయారయ్యే మామూలు స్లిట్ ల్యాంప్ ఖరీదు చాలావరకు ఆ బోర్డు మీద గొప్పగా రాసుకునే కంప్యూటర్ కన్నా తక్కువే. కంప్యూటర్ కళ్ళజోడు అమ్మిపెడుతుంది, స్లిట్ ల్యాంప్ ఏమీ అమ్మిపెట్టదు, అందుకే షాపుల్లో అది ఉండి ఇది ఉండదు. ప్రభుత్వం వైపు చూస్తే 2019 అక్టోబర్ 10న మొదలైన కంటి వెలుగులో బడిపిల్లల చూపు పరీక్షలూ కళ్ళజోళ్ళూ ఇచ్చారు, అది మంచి పని, నేను కాదనను. కానీ బోర్డు మీద అక్షరాలు చదివించే పరీక్షకీ పొలంలో దెబ్బ తగిలిన కంటికీ సంబంధం లేదు. మండలానికి ఒక సామాజిక ఆసుపత్రిలోనో పీహెచ్‌సీలోనో స్లిట్ ల్యాంప్, ఫ్లోరోసీన్ కాగితాలు, నాటమైసిన్ సీసాలు, చూడ్డం వచ్చిన మనిషి. నేను అడిగేది ఈ మాత్రమే.

మనిషి అన్నమాట గట్టిగా అంటున్నా. మిషన్ ఉండి కూడా చూడనిచోట్లు నాకు తెలుసు. మూలన కవరు కప్పి ఉంటుంది. లేదా కిటికీ తెరిచి పగటి వెలుతురులో వాడతారు, ఆ వెలుతురులో కణాలు దేవుడికి కూడా కనపడవు. లేదా గీత వెడల్పు తగ్గించకుండా ఓ పదిసెకన్లు ఊరికే వెలుగు కొట్టి "కూర్చోండి" అంటారు, అలాగైతే టార్చే నయం, కరెంటు మిగులుద్ది. ఐపీసులు తన చూపుకి సరిచేసుకోని మనిషి రోజంతా మసకలో చూస్తాడు. కుడిచెయ్యి జాయ్‌స్టిక్ మీద, ఎడమచేత్తో రెప్ప ఎత్తి పట్టుకుని, గీతని ఎడమనుంచి కుడికి మెల్లగా నడిపిస్తూ అడుగడుగునా ఫోకస్ మారుస్తూ పోవడం వేళ్ళకి అలవాటవ్వాలంటే నెలలు పడుతుంది. ట్రైనింగుకి వచ్చిన పిల్లలకి ఈ పని నేర్పేటప్పుడు వేగం గురించి మాట్లాడొద్దని మా సీనియర్లతో నేను వాదిస్తుంటాను. ఒక కంటికి రెండు నిమిషాలు పూర్తిగా ఇస్తే చాలు, ఎక్కువ అక్కర్లేదు.

శుక్లం గురించి ఒక్క ముక్క, పక్కదారే కానీ అడుగుతారు. "పండిందా అమ్మా, ఇంకా పండాలా?" అని. గీతని లెన్సులోకి వేస్తే దాని మధ్యలో ఉండే గింజ పసుపా, గోధుమా, ముదురు గోధుమా కనపడుతుంది, వెనక పొర మీద చిన్న మచ్చ ఉన్నా కనపడుతుంది. ఇప్పటి ఆపరేషన్లకి పండక్కర్లేదు, ముదిరి గట్టిపడితేనే కష్టం. చూపు ఇబ్బంది పెడుతుంటే చేయించుకోవడమే.

ఇంక ఊళ్ళో అలవాట్లు. నాలికతో నలుసు తీసే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు, నందివర్ధనం రసం, తల్లిపాలు, ఆముదం ఇంకా కళ్ళలో పడుతున్నాయి. వాళ్ళని నేను తిట్టను, అర్ధరాత్రి లంకలో కంట్లో మంట పుడితే పంటు ఉండదు, పడవ ఉండదు, ఏం చేస్తారు. వాళ్ళకి చెప్పేది ఇంతే: మంచినీళ్ళతో కడగండి, నలపకండి, కట్టు కట్టకండి, ఏమీ వెయ్యకండి, తెల్లారగానే బయల్దేరండి. బయల్దేరేటప్పుడు వాడిన సీసాలన్నీ, ఖాళీవైనా, సంచిలో వేసుకోండి, అది చూస్తే మాకు సగం కథ తెలుస్తుంది. ఆసుపత్రికి వెళ్ళాక గడ్డం ఆనించే మిషన్‌లో చూడకుండా చుక్కలు రాస్తుంటే, "అండీ, ఒకసారి దాంట్లో చూస్తారా" అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. చూశాక ఏం కనపడిందో చీటీ మీద రాయమనండి, కార్నియా బాగుంది అన్న రెండు మాటలైనా సరే, రేపు ఇంకోచోటికి వెళ్ళాల్సి వస్తే పోల్చుకోవడానికి పనికొస్తుంది.

చివరగా మా వైపునుంచి ఒకటి జరగాలి. కోతలప్పుడు ఎవరూ మధ్యాహ్నం పని వదిలి రారు, రోజు కూలీ పోతుంది, కోత మిషన్ గంటల లెక్కన అద్దె నడుస్తుంటుంది. వాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కుని బయల్దేరేసరికి రాత్రి ఏడు, అప్పటికి కంటాసుపత్రులు తాళాలు, మందుల షాపులు మాత్రం పదింటిదాకా తెరిచే ఉంటాయి. చుక్కల సీసా గెలిచేది అక్కడే. సార్వా కోతల నెలలోనూ దాళ్వా కోతల నెలలోనూ రాత్రి తొమ్మిదింటిదాకా ఒక మనిషి, ఒక స్లిట్ ల్యాంప్, ఓ డబ్బా ఫ్లోరోసీన్ కాగితాలు ఉండేలా చూడమని మా ఆసుపత్రిలో అడిగాను, రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆ షిఫ్టు నేనే చేస్తానని కూడా చెప్పాను. మీ ఊళ్ళో కంటాసుపత్రి ఉంటే మీరూ వెళ్ళి అడగండి, కోతలు మొదలయ్యేలోపు.